చక్కెర గోనెలో మన్ను

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో కోటగిరి కుస్తీ తాలీంలో లింబయ్య ఉస్తాద్ మీసం తిప్పితే, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొగ దిక్కు మార్చుకునేదట. నమ్మకపోతే ఆ పొగనే అడగండి. అలాంటి ఉస్తాద్ దగ్గర కుస్తీ నేర్వడానికి చేరాడు ముత్తవ్వ కొడుకు హన్మండ్లు. మీసమింకా మొలవలేదు గానీ, జాతరలో చివరి కుస్తీ గెలిచి వెండి కడెం తొడుక్కోవాలని ఒకటే కోరిక.

పట్లు నేర్పకముందే ఉస్తాద్ ఒక చక్కెర గోనె చూపించాడు. దాని అడుగున కాస్త మన్ను ఉంది.

"దీన్ని బుజం మీదేస్కోని రోజూ పొద్దుగాల కాలువ కట్ట దాంక పోయి రా. ఇంకోటి, తాలీం మన్ను ఇంటికి పోవద్దు. ఒంటికంటింది గీకి గీ గోనెల్నే ఎయ్యి."

మొదట్లో అది మోతలాగే లేదు. హన్మండ్లు ఈల వేసుకుంటూ పోయి వచ్చేవాడు. కుస్తీ పట్టాక, ఒంటికి అతుక్కున్న పసుపూ నూనే కలిపిన ఎర్రమన్ను గీకి గోనెలో వేసేవాడు. రెండు జాతరలు గడిచాయి. రెండిట్లోనూ ఉస్తాద్ అతణ్ణి కొబ్బరికాయ గెలిచే పిల్లల కుస్తీలకే దింపాడు.

మూడో ఏడు వచ్చేసరికి ఈల ఆగిపోయింది. అదే గోనె, అదే కట్ట. అతను మాత్రం దారిలో రెండుసార్లు ఆగుతున్నాడు. తిండి తగ్గలేదు, జ్వరమూ లేదు. అద్దంలో చూసుకుంటే మెడ కోడె మెడలా ఉంది. గోనె ఎత్తితే ముసలోడిలా రొప్పుతున్నాడు. ఇందులో ఏది నిజం?

"అవ్వా, నేను ఎండిపోతున్ననే."

తలుపులో పట్టక అడ్డంగా తిరిగి లోపలికొచ్చినవాడు ఎండిపోవడమేమిటో ముత్తవ్వకూ అంతుపట్టలేదు. అయినా ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది.

"గా ఫ్యాక్టరీ పోరగాండ్ల దిష్టే తగిలింది బిడ్డా."

మర్నాడు గోనె మళ్లీ బరువుగానే ఉంది.

జాతర నాడు ఉస్తాద్ కడెం కుస్తీకే హన్మండ్లు పేరిచ్చాడు.

"నాతోని కాదు ఉస్తాద్. నా బలం పోయింది. రేపటి సంది చెరుకు బండి తోల్కుంట."

"తోల్కో. ఇయ్యాల మటుకు పట్టు."

ఎదురుగా దెగ్లూరు పైల్వాన్ బాపురావు. పోయినేడు కడెం అతనిదే. అతను కాలు కడిగితే మంజీర జానెడు పక్కకు జరుగుతుందని మా వైపు లెక్క. హన్మండ్లు కళ్లు గట్టిగా మూసుకుని, గోనెను పట్టినట్టే అతని నడుం పట్టి భుజానికి లాగాడు. బాపురావు లేచి వచ్చేశాడు! కళ్లు తెరిచేసరికి పైల్వాన్ కాళ్లు గాలిలో ఆడుతున్నాయి.

"ఉస్తాద్! ఈయనకు పానం బాగలేదా ఏంది? మస్తు అల్కగున్నడు, గోనంత బరువు గూడ లేడు!"

జనం గొల్లుమన్నారు. ఉస్తాద్ దగ్గరికొచ్చాడు.

"ఓరి పిచ్చోడా, రోజూ గోనెల మన్నేసిందెవల్రా?"

"నేనే. మీరే గద ఎయ్యమన్నరు."

"మల్ల ఎన్నడన్న తీసినవా?"

హన్మండ్లు నోరు తెరిచాడు.

"తియ్యలే. గోనెనే బరువైతున్నదని ముందుగాల్నే జెప్పొద్దా ఉస్తాద్?"

"జెప్తే బిరాన పైల్వాన్ కావాల్నని ఒక్కనాడే తట్టెడు పోస్కొని, నడుమిరిగి పండుకుందువు."

"అంటే నేను ఎండిపోలేదా?"

భుజం మీంచి బాపురావు గొంతు వినిపించింది. "అరే బాబా, కడెం నువ్వే తీస్కో. ముందు నన్ను కింద ఎయ్యి. ముచ్చట అటెన్క పెట్టుకుందురు."

ఎక్కడ దించాలో హన్మండ్లుకు తోచలేదు. భుజాన మోత పడితే ఎటు పోవాలో అతని కాళ్లకు తెలిసింది ఒక్కటే దారి. జనం చూస్తుండగానే కాలువ కట్ట వైపు బయల్దేరాడు.