ఏడో పైపు తల

పైపు నేలలోంచి పైకి రాగానే దాని తలవైపు కుంకుమ బొట్టు పెట్టడం భీమరాజు అలవాటు. బోరులోంచి తీసిన మట్టికి పైకొస తల, కిందికొస కాళ్ళు. "తలెటో తెలీకపోతే అది ఉట్టి బురదేనండి" అనేవాడు. నరసాపురం చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా బోర్లు వేసిన మనిషి.

పాతకాలపు మట్టి పొరల మీద పరిశోధన చేస్తున్న హేమశ్రీకి ఆ బొట్టు చూస్తే నవ్వొచ్చేది. పైపులు రాజమహేంద్రవరం ల్యాబ్‌కి చేరాక, ఇదేమైనా పూజగదా అనుకుంటూ తడిగుడ్డతో బొట్లన్నీ తుడిచేసి బాణం గుర్తు స్టిక్కర్లు అంటించింది. ఏడో పైపు దగ్గర ఫోన్ మోగింది. మాట్లాడుతూనే పైపు అటూ ఇటూ తిప్పి స్టిక్కర్ వేసేసింది. చదువుకున్న చెయ్యి కదా, తప్పు కూడా నీటుగా చేసింది. గుడ్డ ఉతికి, అది ఎప్పుడూ ఉండే కుళాయి మీదే ఆరేసింది.

రెండు నెలలకు మట్టి వయసుల రిపోర్టు వచ్చింది. ఏడో పైపులో పాతకాలపు గవ్వలు పైన, కొత్తవి కింద! ఆ రోజు కొత్త పైపులు దించడానికి వచ్చిన భీమరాజు మీద ప్రొఫెసర్ మణిశంకర్ గారు విరుచుకుపడ్డారు.

"తలకిందులుగా ఇచ్చావయ్యా!"

"లేదండి. బొట్టు ఉంటుంది, చూడండి."

బొట్టు లేదు. భీమరాజు ల్యాబంతా కలియజూసి, చివరికి హేమశ్రీ వైపు చూశాడు. ఆమెకు అంతా అర్థమైంది. అయినా మైక్రోస్కోపు మీదికి వంగిపోయింది. చెబితే తన పరిశోధన ఏమవుతుందోనన్న భయం. రేపట్నుంచి రావద్దన్నారు ప్రొఫెసర్ గారు. అతను తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అడుసే చదువైన పిల్లకు ఈ అడుసు మాత్రం వదల్లేదు. మైక్రోస్కోపు కింద ఆవగింజలో పదోవంతు లేని గవ్వలు. ఏడో పైపును తిరగేసి చూస్తే పైనున్న ఆరో పైపుతో, కిందున్న ఎనిమిదో పైపుతో చక్కగా కలిసిపోయాయి. గవ్వలకున్న నిజాయితీ తనకు లేకపోయిందని సిగ్గుతో చచ్చిపోయింది. మూడు వారాలు అన్నం సయించలేదు. చివరికి వెళ్ళి ప్రొఫెసర్ గారికి చెప్పేసింది.

"పోన్లేమ్మా, కొత్త కదా. సరిచేసెయ్" అన్నారాయన.

అదే తప్పుకు అతనికి పని పోయింది, తనకు 'పోన్లేమ్మా'. తిట్టినా అంత బాధపడేది కాదు. భీమరాజు గారిని మళ్ళీ పిలవాల్సిందేనని పట్టుబట్టింది.

అతను వచ్చాడు. కొత్త బోరులోంచి మొదటి పైపు లేచింది. పనివాళ్ళందరూ వింటుండగానే హేమశ్రీ చెప్పింది. "బొట్టు తుడిచింది నేనేనండి. స్టిక్కర్ తప్పు వేసిందీ నేనే. ఆ రోజు మీరు చూస్తుంటే కూడా నోరు మూసుకున్నాను. క్షమించండి."

భీమరాజు చేతుల బురద తుడుచుకున్నాడు.

"తెలుసండి అమ్మాయిగారూ. కుళాయి మీద గుడ్డకి ఎర్రమరక ఆ రోజే చూశాను."

"మరి చెప్పలేదేమండి?"

"మీరు చెప్తారేమోనని చూశానండి."

కుంకుమ డబ్బీ ఆమె చేతిలో పెట్టి, అతను మోటారు దగ్గరికి వెళ్ళిపోయాడు.