అల్మాగ్రోలో మూడు గంటలు

పూరీ పొంగినప్పుడల్లా హాల్లోంచి నవ్వులు వినబడుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నం ఫ్రిస్కోలోని ఆ ఇంటికి భోజనానికి వచ్చింది ఇద్దరే, కృష్ణమోహన్ టీమ్‌లో కొత్తగా చేరిన నీరజ్, అతని భార్య అనుష్క. అయినా పొద్దున ఆరింటి నుంచీ కృష్ణమోహన్ భార్య రేణు పొయ్యి దగ్గరే నిలబడి ఉంది.

"బ్యూనస్ ఎయిర్స్‌లో కార్‌లో తిరిగితే వేస్ట్ నీరజ్, నడవాలి," అంటున్నాడు కృష్ణమోహన్. "సాన్ తెల్మోలో అన్నీ రాళ్లు పరిచిన వీధులు. లా బోకాలో రేకుల ఇళ్లు, ఒక్కో గోడకీ ఒక్కో రంగు. ఇంకో పేట నిండా బట్టల కొట్లే, అచ్చం మన బెజవాడ వన్‌టౌన్!"

రేణు చేతిలో చిల్లుల గరిటె ఆగింది. వన్‌టౌన్ అన్న మాట తనది. కిందటి నవంబర్‌లో అతను ఆఫీస్ పని మీద అక్కడికి వెళ్తూ, "నువ్వూ వస్తే నాకు తిండికి ఇబ్బంది ఉండదు," అన్నాడు. సూట్‌కేస్‌లో కుక్కర్ సర్దుకుని వెళ్లింది. అతను రోజంతా మీటింగుల్లో ఉండేవాడు. వంట ముగించి నడిచింది ఆమె. నాలుగు రోజులు, పేట తర్వాత పేట, పగిలిన పలకల పేవ్‌మెంట్ల మీద, చెప్పు తెగేదాకా, ఎక్కడికని ఎవరూ అడగని వీధుల్లో. సాయంత్రం అతని చొక్కా ఇస్త్రీ చేస్తూ చూసినవన్నీ చెప్పేది. అతను ఫోన్‌లోంచి తలెత్తకుండా "ఊఁ" అనేవాడు. వినడం లేదనుకుంది. అన్నీ విన్నాడన్నమాట.

"మీరూ వెళ్లారా అక్కా?" ఆమె తెచ్చిన పూరీలు అందుకుంటూ అడిగింది అనుష్క.

"తనా?" కృష్ణమోహనే జవాబిచ్చాడు. "ఒక్కరోజు బయటికెళ్లి దారి తప్పిందమ్మా! మూడు గంటలు. ఫోన్ డెడ్. మీటింగ్ వదిలేసి వెతుక్కోవాల్సి వచ్చింది. ఇక్కడ కూరగాయలకి కూడా నేనే డ్రైవ్ చేయాలి మరి."

నీరజ్ నవ్వాడు.

ఆ రోజు సాయంత్రం బ్యూనస్ ఎయిర్స్ హోటల్‌లో, "నీకు బుర్ర లేదని మా అమ్మ ఎప్పుడో చెప్పింది," అన్నాడు కృష్ణమోహన్. మర్నాడు గది తాళం కార్డు తనతో పట్టుకుపోయాడు. బయట అడుగు పెడితే మళ్లీ లోపలికి రావడానికి వీల్లేదు. రోజంతా మంచం అంచున కూర్చుంది.

ఆ మూడు గంటలూ ఆమె అల్మాగ్రో పేటలో, ఒక పార్కు బెంచీ మీద ఉంది. పక్కనున్న ముసలావిడ నారింజ ఒలిచి, ఏమీ అడక్కుండా సగం ఆమె చేతిలో పెట్టింది. తనకి ఒకరు పండు ఒలిచి పెట్టి ఎన్నేళ్లయిందో గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. సంచిలో ఫోన్ మోగింది. స్విచ్చాఫ్ చేసేసింది. చివరికి ఫ్రిస్కోలో స్నేహితురాలి ఇంట్లో వదిలొచ్చిన పదమూడేళ్ల కూతురు వేద గుర్తొచ్చి లేచింది. వేద కోసమే లేచింది.

రేణు పళ్లెం బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ వీధులన్నీ నడిచింది నేనే అనుష్కా. ఈయన ఆఫీస్ దాటి ఎక్కడికీ రాలేదు."

కృష్ణమోహన్ నవ్వబోయాడు. "రేణూ, వేడివి రెండు పట్రా."

ఆమె లేవలేదు. పెళ్లయిన పదిహేనేళ్లలో మొదటిసారి అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"ఆ రోజు నేను దారి తప్పలేదండీ. హోటల్ పదకొండు వీధుల అవతలే ఉంది. ఎటు తిరగాలో కూడా తెలుసు. మీ దగ్గరికి రావాలనిపించలేదు."