టీ కప్పులో కుంచె

2011 అక్టోబరు పన్నెండు, బర్మాలో దీపాల పండగైన తడింజుట్ పున్నమి. ఆ పొద్దున ఊ ఛిట్ స్వే రెండు గిన్నెల మొహింగా తిన్నాడు. చేప పులుసులో నాని మెత్తబడ్డ నూడుల్సంటే పళ్లూడిన ఆయనకు ప్రాణం. తిన్నాక బొమ్మ ముందు కూర్చుని, ఏదో చెబుతూ కుంచెను టీ కప్పులో ముంచాడు.

"ఏమయ్యా, మళ్లీనా?" అంది భార్య డా తాన్ యీ. "పక్కనే నీళ్ల డబ్బా ఉంది. కళ్లు కూడా బొమ్మలకే ఇచ్చేశావా?"

"డబ్బాలో నీ చక్కెర ఉండదుగా," అని కుంచెను కప్పులోనే వదిలేసి ఇంకోటి తీసుకున్నాడు.

రంగూన్‌లోని ఆ ఇంటి ముందు గదిలో నలభై ఏళ్లుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాడు, పత్రికలకు కార్టూన్లు వేస్తున్నాడు. ఊరంతా నవ్వింది. డా తాన్ యీ మాత్రం నవ్వలేదు. చూసి, బాగుంది, అన్నం చల్లారిపోతోంది అనేది. ఆ ఒక్క నవ్వూ వినకుండానే పోతానేమోనని ఆయన దిగులు. ఇప్పుడు చెయ్యి కూడా వణుకుతోంది.

పండగ కదా, శిష్యులు పళ్లు తెచ్చి, మోకరిల్లి మొక్కారు. దీవించాక, వంకరపోయిన గీతలు దిద్దమని పెద్ద శిష్యురాలు నిలార్‌ను కూర్చోబెట్టాడు.

"కనుబొమ్మలు మాత్రం వదిలెయ్యమ్మా, నేనే వేస్తాను. నవ్వు పుట్టేది అక్కడే, నోట్లో కాదు."

సాయంత్రం, పండగ ఆనవాయితీగా, వీధి పొడవునా తాళ్లకు కార్టూన్లు గీసిన గుడ్డలు వేలాడదీశారు. ఎప్పటిలాగే ఆయన తన గుడ్డ వెనక పీట వేసుకుని, స్తంభానికి ఆనుకుని, చెవులు జనం వైపే పెట్టి కూర్చున్నాడు. బొమ్మలో ముసలాయన పొరపాటున రంగునీళ్లు తాగేసి నీలం నాలుక చాపాడు. వృథా ఎందుకని, భార్య ఆ నాలుకకు కుంచె అద్దుకుంటూ గోడకు రంగు వేస్తోంది.

జనం నవ్వుకుంటూ పోయారు. ఆయన కదల్లేదు. చివరికి తెలిసిన చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది. తర్వాత ముక్కులో మొదలై, ఆపుకోలేక, దగ్గులోకి దిగిన నవ్వు.

"సిగ్గులేని మనిషి. నా ముక్కు అంత పొడుగుందటే?" అని కళ్లు తుడుచుకుంటూ పక్కనున్న నిలార్‌ను అడిగింది డా తాన్ యీ. గుడ్డ వైపు తిరిగి, "ఏమయ్యా, విన్నావా?" అంది.

నిలార్ గుడ్డ తొలగించింది. ఆయన స్తంభానికి ఆనుకునే ఉన్నాడు. కళ్లు మూతబడ్డాయి. కనుబొమ్మలు రెండూ కాస్త పైకి లేచి ఉన్నాయి.

డా తాన్ యీ వాటిని చాలాసేపు చూసింది. "విన్నాడు," అంది.

ఆయన పోయిన ఏడో రోజు భిక్షువులకు అన్నం పెట్టి అందరూ వెళ్లాక, నిలార్ ఆ టీ కప్పు కడగబోయింది. ఉండనీ అంది డా తాన్ యీ. ఆత్మ వచ్చిపోయేందుకు ఇన్నాళ్లూ తీసి ఉంచిన ముందు గది తలుపును ఆ రాత్రి చప్పుడు కాకుండా మూసింది. లోపల, కప్పు అడుగున గట్టిపడ్డ చక్కెరలో కుంచె నిలబడే ఉంది.