మా అత్తది కాని చీర

పూర్ణా మార్కెట్ పక్క వీధిలో నాది మ్యాచింగ్ సెంటర్. చీర తెస్తే దానికి సరిపడే జాకెట్టు ముక్క, లైనింగ్, ఫాల్ తీసి ఇస్తాను. ఇరవై ఏళ్ళుగా రంగుకు రంగు జతచేస్తున్నాను. మెట్టెక్కిన మనిషిని చూడగానే కొంటుందో, ఊరికే తడిమి పోతుందో చెప్పగలను. నా బట్టల విషయంలో మాత్రం జనాన్ని తప్పుగా అంచనా వేశాను.

నేను పాతకాలం పద్ధతిలో కట్టుకుంటాను. మోచేతుల దాకా బుట్ట చేతుల జాకెట్టు, మూసిన మెడ, పొందూరు నేత చీర, కాస్త ఎత్తు కట్టు, జుట్టుకు వదులు ముడి. బట్టలన్నీ కొత్తవే, జాకెట్లు దగ్గరుండి కుట్టించుకున్నవే. నాకు నచ్చింది. అంతకు మించి కారణం లేదు.

జనానికి ఆ కారణం చాలదు. బస్సులో పక్క సీటావిడ అడక్కుండానే నా బుట్ట చేతిని నొక్కి చూస్తుంది, పూరీ పొంగిందో లేదో చూసినట్టు. సిగ్నల్ దగ్గర ఆటోవాడు "ఏ డ్రామా కంపెనీ అప్పా" అంటాడు. ఒకడైతే బజ్జీ తిన్న చేత్తోనే నా భుజం పట్టుకుని ఫొటో దిగాడు. ఆ నూనె మరక రెండు ఉతుకులకూ పోలేదు. చూపులు భరించవచ్చు, వేళ్ళు తగిలితే మాత్రం నా వల్ల కాదు.

ఒకరోజు విసుగెత్తి, "మా అత్తది. నిరుడు పోయింది. గుర్తుగా కట్టుకుంటన్నాను" అనేశాను. నొక్కుతున్న చెయ్యి గబుక్కున వెనక్కి పోయింది. "పాపం" అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఒక్క మాటకు ఇంత ఊరటా అనిపించింది. అప్పటినుంచి అడిగిన వాళ్ళందరికీ అదే సరుకు అమ్మాను. జబ్బు పేరు అడిగితే అదీ చెప్పేదాన్ని.

మా అత్త గంగాలమ్మ పరవాడలో దుక్కలా ఉంది.

శ్రావణంలో జాలారిపేట నుంచి పెళ్ళివాళ్ళు వచ్చారు. పెళ్ళికూతురు రోజారమణి, వాళ్ళమ్మ సూర్యకళ, నాయనమ్మ పోతమ్మ. రెండు సంచుల నిండా చీరలు. ఈ ఇంటివాళ్ళు ఏ కొట్టుకు వెళ్తే పేటలో పెళ్ళిళ్ళన్నీ ఆ కొట్టుకే వెళ్తాయి. ఆ శ్రావణం ఎలా గడుస్తుందో ఈ సంచులు నా బల్ల మీద విప్పుతారా, ఎదురు కొట్టులో విప్పుతారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

నేను సంచి మీద చెయ్యి వేయబోయాను. పోతమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. నోట్లో అడ్డచుట్ట, నిప్పు లోపలికి. తీసి మెట్టు పక్కన ఉమ్మి మాట్లాడింది.

"ఆగమ్మా. నువ్వు కట్టింది సచ్చిపోనావిడ చీరట గదా. మా పక్కింటి పిల్ల గుంటకి బస్సులో సెప్పినావట."

నేను చెయ్యి వెనక్కి తీసుకోబోయాను, ఆవిడ వదల్లేదు.

"మా ఇంట్లో సచ్చినోళ్ళ బట్టలు సముద్రంలో ఒగ్గేత్తాం. గుమ్మంలో ఉంచం. అవి కట్టిన సేత్తో పెల్లిబట్టలు ముట్టుకుంటావేటి?"

సూర్యకళ అప్పటికే సంచి మూతి ముడుస్తోంది. ఎదురు కొట్టాయన బయటికి వచ్చి నిలబడ్డాడు. దారినపోయేవాళ్ళు ఇద్దరు ఆగారు.

"కొత్త చీర మామ్మా. పొందూరు నుంచి తెప్పించుకున్నాను. గంజి కూడా పూర్తిగా పోలేదు, చూడండి" అన్నాను.

చూడమంటే చూస్తుందనుకున్నాను. పోతమ్మ ముందుకు వంగి నా కుచ్చిళ్ళు గుప్పిట్లోకి లాక్కుని వాసన చూసింది. నా పొట్టకు ఆవిడ ముక్కు తగులుతోంది. చుట్ట కంపు, ఎండుచేపల కంపు కలిసి నా ఒంట్లోకి దిగాయి. ఆగినవాళ్ళలో ఒకడు ఫోను తీశాడు. వాణ్ణీ, ఆవిణ్ణీ కాలవలోకి తోసేయాలనిపించింది. సంచులు గుర్తొచ్చి కదలకుండా నిలబడ్డాను.

"గంజి వాసనే ఉన్నాది. మరైతే మీ అత్త?"

"బతికే ఉంది."

సూర్యకళ మొహం చిట్లించింది. "ఓలమ్మ. బతికున్న మనిషిని నోటితో సంపేసినావేటి? ఇది మరీ పాడుపని గాదేటి, తాయారప్పా?"

"నాను నమ్మను. సంచుల కోసం సెప్తంది. మీ అత్తకి ఫోన్ సెయ్యి, గొంతు ఇంటాను" అంది పోతమ్మ.

చేశాను. స్పీకర్ పెట్టమంది, పెట్టాను.

"ఏటే తాయారూ, బేరాలేళ ఫోనేటి?" అంది మా అత్త.

నేను నోరు తెరిచేలోపే పోతమ్మ అందుకుంది. "ఏటమ్మా, నువ్వు నిరుడే సచ్చిపోనావని మీ కోడలు ఊరంతా సెప్తందమ్మా. నీ చీర కట్టుకు తిరుగుతన్నాదట."

నేను స్పీకర్ తీసేయబోయాను.

"నా చీరా?" అంది మా అత్త. "నాను దానికి ఒక్క చీరయినా ఇస్తే గదా. నా పాతయన్నీ స్టీలు గిన్నెలకి ఏసేసినాను. మూడు గిన్నెలొచ్చాయి."

రోజారమణి నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. పోతమ్మ నవ్వలేదు. "సరే, బతికే ఉన్నాది" అని సూర్యకళ వైపు చూసి సంచి విప్పమని తల ఊపింది.

"మరి సచ్చినోళ్ళది కానప్పుడు ఈ ఏసమేటి?" అని సూర్యకళ అడిగింది.

"నచ్చింది."

"నచ్చడమేటి?" అంది ఆవిడ, నా తలకేదో దెబ్బ తగిలిందన్నట్టు చూస్తూ. చనిపోయిన అత్త ఉంటే నేను మంచిదాన్ని. అత్త బతకగానే పిచ్చిదాన్నయ్యాను. చీర అదే, బుట్ట చేతులు అవే.

అయినా సంచులు నా బల్ల మీదే విప్పారు. సాయంత్రం దాకా ముక్కలు కోసి ఇచ్చాను. వాళ్ళు వెళ్ళాక కుళాయి దగ్గర కుచ్చిళ్ళు రెండుసార్లు సబ్బుతో రుద్దాను. చుట్ట కంపు పోలేదు. ముక్కుకు పట్టిన కంపు పోతమ్మదో నాదో తేల్చుకోలేకపోయాను. ఫోను మోగింది.

"ఏ రోగంతో సంపినావే?" అంది మా అత్త.

"షుగర్ అని చెప్పానత్తా. ఒకరిద్దరికి గుండెపోటన్నాను."

"నాకు షుగర్ లేదు గదే."

"లేదు."

ఆవిడ ఫోను పెట్టేయలేదు, తిట్టనూ లేదు. ఊపిరి వినపడుతూనే ఉంది. తడి కుచ్చిళ్ళు కాళ్ళకు అంటుకుంటుండగా నేనూ అలాగే నిలబడ్డాను. ఆవిడకు చెప్పడానికి నా కొట్లో ఏ ముక్కా జత కుదరలేదు.