పావురాల మీద నింద

శాలిబండ గల్లీలో టీవీ బొమ్మ ముక్కలైతే నేరం పావురాలదట! ఈ మాట అన్నది ఎవరో తెలిసీ తెలియని వాళ్ళు కాదు. పెద్ద ఆఫీసులో పనిచేసి రిటైరై, గల్లీ కమిటీకి పెద్దగా చలామణి అవుతున్న శ్రీపాద గారు. వినగానే మనస్వినికి ఒళ్ళు మండిపోయింది.

గల్లీకంతా కేబుల్ ఇచ్చేది మనస్విని తండ్రి సీతారాం. వాళ్ళ డాబా మీద పెద్ద డిష్ ఉంది. దానికి ఎదురుగా, పక్కింటి డాబా అంచున, ఆ ఇంటి అవద్ చాచా చెక్కలతో, రేకులతో కట్టిన పావురాల గూడు. బార్కస్‌లో పుట్టి పత్తర్‌గట్టిలో బట్టల కొట్లో పనిచేసే అవద్ చాచా, పొద్దునా సాయంత్రం ఈల వేస్తూ పిట్టలకు గింజలు చల్లడం మనస్విని చిన్నప్పటి నుంచీ చూస్తోంది. ఇన్నేళ్ళూ బొమ్మ నిక్షేపంలా వచ్చింది. ఆ గూటికి అవతల, సాక్షాత్తూ శ్రీపాద గారి డాబా మీద, ఫైవ్‌జీ టవర్ లేచాకనే చానెళ్ళు గళ్ళుగళ్ళుగా విరిగిపోవడం మొదలైంది. ఇది కళ్ళున్న ఎవరికైనా కనబడుతుంది.

ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనమైనది. దాదాపు అవే తరంగాల మీద పక్కనే టవర్ గొంతు చించుకుంటే, డిష్‌కు బిగించిన రిసీవర్ ఏం వింటుంది? టవర్ గోలను ఆపి, ఉపగ్రహం సిగ్నల్‌ను మాత్రమే లోపలికి వదిలే ఫిల్టర్లు ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ చదివి తండ్రి కంట్రోల్ రూం చూసుకుంటున్న మనస్విని, అలాంటిదొకటి ఢిల్లీకి ఆర్డర్ కూడా పెట్టింది. రావడానికి వారం పడుతుంది. కానీ ఆదివారమే క్రికెట్ ఫైనల్. వారం ఆగే ఓపిక ఎవరికుంది?

శనివారం పొద్దున్నే కమిటీ సీతారాం ఇంటి ముందు వాలింది.

"పిట్టలు మస్తుగైనయి సీతారాం. డిష్ మీద కూసుంటున్నయి, రెట్టలేస్తున్నయి. ఇగ సిగ్నల్ ఎట్లొస్తది? ఆ గూడు తీసేపియ్యాలె," అన్నారు శ్రీపాద.

"పిట్టలు ఏం జేసినయి అంకుల్? లొల్లంత మీ టవర్‌తోని వస్తుంది. పైకి రండి, సిగ్నల్ మీటర్ల చూపిస్త," అంది మనస్విని.

"టవర్‌కు అన్ని పర్మిషన్లు ఉన్నయమ్మా. నువ్వు చిన్నపిల్లవు, నీకు తెల్వదు."

ఆమె ఇంజనీరింగ్ చదివిందని అక్కడున్న అందరికీ తెలుసు. పరీక్షలొస్తే తమ పిల్లలకు లెక్కలు చెప్పమని ఆమె దగ్గరికే పంపుతారు. అయినా మీటర్ చూడటానికి ఒక్కరంటే ఒక్కరు మెట్లెక్కలేదు. నువ్వైనా చెప్పు బాపూ అన్నట్టు తండ్రి వైపు చూసింది. కనెక్షన్లు తీసేయించుకుంటారన్న భయంతో ఆయన తల తిప్పుకున్నాడు.

అవద్ చాచా వాదనకు దిగలేదు. "గల్లీ అంత ఒక్క మాట మీదుంటే నేనేం జేస్త బేటీ," అని పిట్టలను బుట్టల్లో పెట్టి, ఆటోలో బార్కస్‌లోని చెల్లెలింట్లో దింపి వచ్చాడు. రాత్రి పొద్దుపోయాక కమిటీ వాళ్ళు గూడు చెక్కలు ఊడబీకి, రేకులు ఓ మూలన పడేశారు. రోజంతా కొట్లో నిలబడి కాళ్ళు లాగుతూ ఇంటికొచ్చే మనిషికి ఉన్నది ఆ ఒక్క సరదా. దాన్ని ఒక్క పూటలో మట్టుబెట్టి, మ్యాచ్ కబుర్లు చెప్పుకుంటూ దిగిపోయారు. ఇంత అన్యాయమా!

ఆదివారం పొద్దున టాస్ చూద్దామని టీవీలు పెడితే ఇంటింటా తెర నల్లగా ఉంది. నిన్నటిదాకా గళ్ళుగళ్ళుగానైనా కనబడిన బొమ్మ ఇప్పుడు అసలే లేదు. మనస్విని డాబా మీదికి పరుగెత్తి మీటర్ పెట్టి చూస్తే, టవర్ గోల ఎన్నో రెట్లు పెరిగి ఉంది. తలెత్తింది. డిష్‌కూ టవర్‌కూ మధ్య ఏ అడ్డమూ లేదు. నిన్నటిదాకా అక్కడ అవద్ చాచా గూటి రేకు గోడ ఉండేది. ఆకాశంలో ఎత్తున ఉన్న ఉపగ్రహానికి అది అడ్డు రాలేదు, ఎదురుగా ఉన్న టవర్ గోలను మాత్రం చాలావరకు ఆపింది. గల్లీ అంతా తిట్టిపోసిన గూడే ఇన్నాళ్ళూ గల్లీకి బొమ్మ చూపించింది! ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రొప్పుతూ పైకొచ్చిన శ్రీపాదకు అదే చెప్పింది.

"గట్లనా? మరింకేంది, రేకులు మల్ల నిలబెట్టు. జల్దీ కానీ, మ్యాచ్ షురూ అయితుంది," అన్నారాయన. నిన్నటి మాటకు సిగ్గుపడిన జాడైనా లేదు.

"రేకులు చాచావి. ఆయన్ని అడగండి."

ఆయన అడగలేదు, కిందికి దిగిపోయారు. అడిగింది మనస్వినే. అవద్ చాచా వెంటనే వచ్చి తనే ఒక చివర పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి రేకులను చాచా డాబా పిట్టగోడ వెంట నిలబెట్టి తీగతో కట్టారు. "వచ్చింది!" అని కంట్రోల్ రూం నుంచి సీతారాం కేక వేశాడు. గల్లీ అంతా ఈలలు, చప్పట్లు.

అవద్ చాచా చేతులు దులుపుకుని అడిగాడు. "బేటీ, సాయంత్రం పోయి పిట్టలను తెచ్చుకోనా?"

జవాబు కింద గుమ్మంలో నిలబడ్డ శ్రీపాద నుంచి వచ్చింది. "అవద్ భాయ్, రేకులు ఉండనీయ్. పిట్టలను మాత్రం మల్ల తేకు. గలీజు!"

చాచా తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి మనస్విని ఇక తట్టుకోలేకపోయింది. కటింగ్ ప్లేయర్ అందుకుని తీగ పుటుక్కున తెంపి, రేకులను ఒక్క తోపు తోసింది. అవి డాబా మీద దడేల్‌మని పడ్డాయి. గల్లీలో ఈలలు ఆగిపోయాయి. మరుక్షణం ఇంటింటి నుంచీ అరుపులు.

"ఏమైంది? మల్ల ఎప్పుడొస్తది?" శ్రీపాద రోడ్డు మీదికి వచ్చి అరిచారు.

మనస్విని పిట్టగోడ మీది నుంచి వంగింది. "పిట్టలు వచ్చినంక!"

"సీతారాం, నీ బిడ్డకు జర చెప్పు!"

సీతారాం చెప్పులు తొడుక్కుని గుమ్మం దిగాడు. "బిడ్డకేం చెప్పాలె సార్? మీరే పోయి ఆటో పిలువున్రి," అన్నాడు. "బార్కస్ దాకా ఇద్దరం పోయొద్దాం."