మైకక్క పక్క సీటు

ఆవిడని వీధిలో అందరూ మైకక్క అనే పిలుస్తారు. చేతిలో మైకు ఉండి కాదు, మైకు అక్కర్లేక. పిండిమర నడిపే మనిషి. పిండి పట్టించడానికి వచ్చినవాళ్ళు డబ్బాలు దించేసి రోడ్డు అవతల మంగలి షాపులో కబుర్లకి కూర్చుంటారు. మర హోరుని దాటుకుని "గోధుమలెవరివమ్మా?" అన్న కేక అక్కడిదాకా వెళ్ళాలి. అలా సానపట్టిన గొంతు అది, ఊరికే రాలేదు.

మర కట్టేశాక ఆ గొంతుకి ఇంకో డ్యూటీ ఉంది, ఫుట్‌బాల్ గ్రౌండు. ఊరి టీము ఆడుతోందంటే గోల్‌పోస్టు వెనక మెట్ల మీద మైకక్క ఇంటివాళ్ళు నలుగురూ ఒక్కచోట ఉండాల్సిందే. "గ్రౌండెవరిదీ?" అని మైకక్క రాగం తీస్తుంది. "మనదీ!" అని ప్లంబరు పని చేసే తమ్ముడు అందుకుంటాడు. నర్సు మరదలు నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల కొడుతుంది. ఆ మంగలి షాపు యజమాని, అంటే మైకక్కకి స్వయానా బావ, చివర్లో బూర ఊదుతాడు. ఇక మెట్లన్నీ ఊగిపోతాయి.

అలాంటిది కప్పు ఫైనల్ వచ్చింది, అదీ సొంత గ్రౌండులో! టికెట్లు ఆన్‌లైన్లో పెట్టారు. నలుగురూ ఫోన్లు పట్టుకుని కాచుకుని కూర్చున్నారు. కన్ను మూసి తెరిచేలోగా అన్నీ అయిపోయాయి. అయిపోయాయంటే ఎక్కడికి పోయాయండీ, గాల్లో కలిశాయా? తెల్లారేసరికి ఇంకో సైటులో ప్రత్యక్షం! ఆ రేట్లు చూస్తే కళ్ళు బైర్లు కమ్మాయి. బంతి గుండ్రంగా ఉంటుందో లేదో కూడా తెలీనివాళ్ళు టికెట్లు మూటగట్టుకుంటే, ఆటంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఏ గంగలో దూకాలి? పైగా మిగిలినవన్నీ విడి సీట్లే. తిట్టుకుంటూనే కొన్నారు, చెట్టుకొకరు పుట్టకొకరుగా.

"ఈసారికి కేక వద్దులే అక్కా," అన్నాడు తమ్ముడు. "నువ్వో మూల, నేనో మూల. అందుకునేవాడు లేక సగంలో ఆగిపోతే నవ్వులపాలవుతావు."

మైకక్క ఒప్పుకోలేదు. కేక లేని ఫైనల్ ఫైనలేనా? "నేనైతే మొదలెడతా. వినపడితే అందుకోండి," అందిగానీ ఆ మాట మీద ఆవిడకే నమ్మకం లేదు.

ఫైనల్ రోజున చూస్తే ఆవిడ సీటుకి మెత్తటి దిండు ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళకి మాత్రం నోళ్ళు లేవు. ఒకడు సెల్ఫీ, ఒకడు కునుకు. పక్కసీట్లో ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడు ఫోన్లోంచి తలెత్తడం లేదు. ఇంటర్వెల్ కాకముందే అవతలి టీము గోల్ కొట్టేసింది. అయినా వాడు ఉలకడు పలకడు.

"ఏం నాయనా, నీకు బాధగా లేదూ?" అని అడిగింది మైకక్క.

"నాకు ఆట తెలీదండీ. టికెట్లు కొని అమ్ముతుంటా. ఇదొక్కటి మిగిలిపోయింది, దండగెందుకని వచ్చా." ఆవిడ సీటు నంబరు చూసి నాలిక కరుచుకున్నాడు. "ఇదీ... నేనమ్మిందే."

ఒళ్ళు భగ్గుమంది మైకక్కకి. "నువ్వేనట్రా! నా వాళ్ళని తలో దిక్కుకీ విసిరేసింది నువ్వేనా! నిన్ను మరలో పోసి రెండుసార్లు పట్టించినా పాపం లేదు!"

వాడు ఫోను జేబులో దోపుకుని సీట్లోకి ముడుచుకుపోయాడు.

"నోరుందా నీకు?"

"ఉందండీ."

"అయితే నేనడగ్గానే 'మనదీ' అను. గట్టిగా!"

లేచి నిలబడింది. గుండెల నిండా ఊపిరి పీల్చి కేక వదిలింది.

"గ్రౌండెవరిదీ?"

"మ... మనది," అన్నాడు ఇస్త్రీ చొక్కా, పిల్లికూనలాగా. వెనకెవరో కిసుక్కుమన్నారు. ఇంకెక్కడినుంచీ ఉలుకూ పలుకూ లేదు. మైకక్కకి ఏడుపొచ్చినంత పనయింది. అయినా కూర్చోలేదు.

"గ్రౌండెవరిదీ?"

అదిగో, ఎక్కడో ఆ చివరినుంచి, "మనదీ!" తమ్ముడే! ఎదురుగా ఉన్న స్టాండులోంచి మరదలి ఈల గాలిని చీల్చుకుంటూ వచ్చింది. ఆ పైన ఆఖరి వరసలోంచి బావ బూర! మూడోసారి అడిగేసరికి తమ్ముడి చుట్టుపక్కలవాళ్ళూ, మరదలి వరసా, బావ ముందున్న పిల్లాజెల్లా అంతా లేచారు. ఇన్నేళ్ళూ ఒక్క మూలే అరిచేది. ఈ రోజు గ్రౌండు చుట్టూ అరుపే. కునుకుతీస్తున్న పెద్దమనిషి సైతం లేచి చప్పట్లు కొట్టాడు. సంతోషం పట్టలేక మైకక్క పక్కవాడి వీపు మీద ఒక్కటి చరిచింది.

మనవాళ్ళ కాళ్ళకి ఎక్కడలేని ప్రాణం వచ్చింది. ఒక గోల్! కాసేపటికి ఇంకోటి! కప్పు చేతికొచ్చేసరికి ఇస్త్రీ చొక్కాకి ఇస్త్రీ లేదు, గొంతూ లేదు. మైకక్కని వాటేసుకుని గెంతుతున్నాడు. వెళ్ళేముందు బొంగురు గొంతుతో ఆవిడ ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాడు.

వచ్చే సీజన్ టికెట్లు పెట్టిన రోజు వాడి ఫోన్ రానే వచ్చింది.

"అక్కా, ఘోరం! నేనా పని ఎప్పుడో మానేశా. నా ఒక్కడికి ఒక్క టికెట్టు కావాలని పొద్దున్నించీ ఫోను పట్టుకుని కూర్చున్నా. ఎవడో దుర్మార్గుడు అన్నీ ఊడ్చేశాడక్కా! మనలాంటివాళ్ళం ఆట ఎలా చూడాలి?"

మనలాంటివాళ్ళం అన్నాడు, విన్నారా! మైకక్క పొట్ట పట్టుకుని నవ్వింది. పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఏమైందోనని హడలిపోయారు.

"మాకూ దొరకలేదురా. ఇంటికొచ్చెయ్, టీవీలో చూద్దాం."

"టీవీ ముందు అరిస్తే ఆడేవాళ్ళకి వినపడదు కదక్కా! గ్రౌండు గోడ బయట నిలబడి అరుద్దాం."

నవ్వుతున్న మైకక్కకి ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గోడ చాలా ఎత్తురా," అంది.

"అయితే ఇంకా గట్టిగా అరుద్దామక్కా," అన్నాడు వాడు.