ఇచ్చినవాడి భుజం

బంతి తోలుకు ఆముదం పట్టించి, కుట్ల వెంట బొటనవేలితో ఒత్తుకుంటూ వస్తున్నాడు యేసయ్య. కుట్ల దగ్గర పొడిబారితే తోలు పగులుతుంది. ఎడమచేయి మొద్దుబారినట్టుండి బంతి రెండుసార్లు జారి అరుగు దిగిపోయింది. మూడోసారి దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. తూర్పున అప్పుడే ఎరుపు తేలుతోంది.

"ఆ బంతికి పెట్టే నూనెల సగం నా తలకు పెడితే నాలుగు ఎంట్రుకలన్న మిగులుతుండె," అంది మరియమ్మ, సద్ది మూట కడుతూ.

"నీ తల దినాం నేలకేసి కొట్టుకుంటదా ఏంది?"

మరియమ్మ పకపకా నవ్వింది. అతను రొమ్ము రుద్దుకోవడం చూసి నవ్వు ఆపింది.

"మల్ల నొస్తుందా?"

"వాయువే. జర వాము ఇయ్యి."

వారం నుంచీ ఇదే వరస. వాము నమిలితే తేన్పు వచ్చేది, తేన్పు వస్తే నొప్పి పోయిందనుకునేవాడు. భార్యాభర్తలిద్దరూ వామునే నమ్మారు. కోదాడ ఆట అయిపోయాక దవాఖానకు పోదామనుకున్నారు.

సూర్యాపేట బడిలో అతను డ్రిల్లు మాస్టరుగా చేరి ఇరవై మూడేళ్లు. మద్రాసులో ఆరు నెలలుండి బాస్కెట్‌బాల్ నేర్చుకుని వచ్చిన రోజుల్లో, ఊళ్లో ఆ ఆట పేరు విన్నవాళ్లే లేరు. కమ్మరి కాటయ్య పాత పీపా కట్టు ఒకటి ఊడదీసి తాటిమొద్దుకు బిగించి ఇస్తే అదే రింగు అయింది. ఇన్నేళ్లలో కప్పు మాత్రం ఒక్కటీ రాలేదు. మొన్న మిర్యాలగూడలోనూ ఓడిపోయే వచ్చారు. కప్పుల కోసం బీరువాలో ఖాళీగా ఉంచిన అరలో బడి నౌకరు లాంతరు చిమ్నీలు పెట్టుకున్నాడు.

యేసయ్య జట్టుకు ఒక్కటే కట్టుబాటు. గోల్ వేసినవాడు ఎగిరి గంతులు వేయకూడదు. ముందు పరుగెత్తుకెళ్లి, తనకు బంతి అందించినవాడి భుజం తట్టాలి. ఎవడైనా మరిచిపోతే మర్నాడు మైదానం చుట్టూ పది చుట్లు తిప్పేవాడు. పై ఊళ్ల పిల్లలు దాన్ని చూసి నవ్వేవాళ్లు.

కోదాడ బస్సులో పర్వతాలు అనే పిల్లవాడు అతని పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. తొమ్మిదో తరగతి. చిలుకూరు నుంచి వచ్చి మూడేళ్లుగా యేసయ్య ఇంట్లోనే తిని, అరుగు మీద చదువుకుంటున్నాడు. వాడి అన్న వానకాలంలో గత్తర, అదే కలరా, తగిలి పోయాడు. గొర్రెల మంద వెనక మనిషి లేడు. ఆట అయిపోయాక పిల్లవాణ్ని కోదాడ నుంచి అటే తీసుకుపోతానని తండ్రి పెద్దులు కబురంపాడు. "ముందు నువ్వొచ్చి ఆట సూడు. తర్వాత నీ ఇష్టం," అని యేసయ్య తిరుగు కబురు పెట్టాడు.

"సార్, మా నాయిన ముంగట నేనే గోల్ వేస్త. ఒక్కటన్న వేస్త."

"నీకు సందు దొరికితే ఎయ్యి. ఇంకోనికి దొరికితే వానికియ్యి. నాయిన సూస్తుండని ఆట మార్వకు."

పిల్లవాడు తల ఊపాడు గాని, దారి పొడుగునా గోళ్లు కొరుకుతూనే ఉన్నాడు.

కోదాడ బడి మైదానంలో గోడవారగా ఒక బల్ల వేశారు. పెద్దులు భుజాన గొంగడితో, చేతిలో చిన్న మూటతో అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు.

"కూసో పెద్దులన్నా."

పెద్దులు బల్ల అంచున కూర్చుని రింగు వైపు చాలాసేపు చూశాడు.

"గా గంపకు అడుగు లేదు గద సారూ! ఏసింది ఏసినట్టె కిందవడుతుంది. ఇగ ఏం ఫాయిద?"

"అడుగుంటే ఒక్కపాలికే ఆట ఖతమయితది," అన్నాడు యేసయ్య నవ్వి. నవ్వుకే ఆయాసం వచ్చింది.

సగం ఆట గడిచింది. పర్వతాలు ఒక్క గోలూ వేయలేదు. రెండుసార్లు రింగు కిందే బంతి దొరికింది. రెండుసార్లూ తండ్రి వైపు చూసి, మళ్లీ చూపు తిప్పుకుని, ఎదుట ఖాళీగా ఉన్నవాడికే అందించాడు.

"మావోడు ఒక్కటేయకపాయె. అందరూ ఏస్తుండ్రు. గీ మాత్రానికి బడెందుకు సారూ? ఇగ తోల్కపోత."

యేసయ్య గోడకు వీపు ఆనించాడు. నుదుటి మీద చెమట పట్టింది. "బంతిని సూడకన్నా. గోల్ పడంగనె ఎవని భుజం తడుతుండ్రో సూడు. గదొక్కటి సూడు."

ఆట మళ్లీ మొదలైంది. పెద్దులు మూట విప్పి పల్లికాయలు ఒలుస్తూ, కొన్ని నోట్లో వేసుకుని, కొన్ని సారు వైపు జరుపుతూ చూడసాగాడు. గోల్ పడింది. వేసినవాడు పరుగున వచ్చి పర్వతాలు భుజం తట్టాడు. మరొకటి పడింది. మళ్లీ పర్వతాలు భుజమే. నాలుగోదానికి పెద్దులు ఒలవడం ఆపేసి లేచి నిలబడ్డాడు.

"సారూ, మలుపుతుండు! వాగు కాడ నేను మందను మలిపినట్టె మలుపుతుండు! ముంగటోడు ఉరుకుతుండు గని, ఉరికిస్తున్నది మావోడు!"

మళ్లీ కూర్చున్నాడు. చూపు మైదానం మీదే ఉంది. చేతులు గబగబా ఒలుస్తున్నాయి.

"నాకు తెల్వకపాయె సారూ. పెద్దోడు పోయినంక ఇంట్ల ఎవలం సరిగ్గ మాట్లాడుకోలే. వీడు గింతటోడైండని నాకెవలు చెప్తరు?" ఒక పుచ్చుగింజ ఏరి పారేశాడు. "సరె తియ్యి. గా సదువేదో అయిందాంక నీ కాణ్ణే ఉండనీ. గొర్లను నేను, వాళ్లమ్మ సూసుకుంటం."

ఒలిచిన గింజలు ఇంకొన్ని సారు వైపు జరిపాడు.

"ఏంది సారూ? ఒప్పుకుంటె గుడ కోపమేనా?"

ఆఖరి ఈల మోగింది. రెండు గోల్స్ తేడాతో సూర్యాపేట ఓడిపోయింది. పిల్లలు దుమ్ముకాళ్లతో బల్ల వైపు పరుగెత్తుకొస్తున్నారు. పెద్దులు నవ్వుతూ తిరిగాడు. సారు గోడకు ఆనుకుని, కళ్లు సగం తెరిచి, మైదానం వైపే చూస్తున్నాడు. పెద్దులు చేయి పట్టుకున్నాడు. ఆ చేయి ఎలా ఉందో అతనికి తెలుసు. వానకాలంలో పెద్దకొడుకు చేయి ఇలాగే పట్టుకున్నాడు.

"బిడ్డా," అన్నాడు కొడుకుతో, "ఉరకకు. మెల్లగ రా."

ఎవరో నులకమంచం తెచ్చారు. మంచం దవాఖాన దారి పట్టాక, దాని వెనక తండ్రీకొడుకులు, జట్టు అంతా నడిచిపోయాక, మైదానంలో బల్ల ఒక్కటే మిగిలింది. యేసయ్య కూర్చున్న చోటికి ఆనుకుని, పుచ్చులు ఏరేసి ఒలిచిన పల్లీల కుప్ప, ఒక్క గింజా ముట్టకుండా అలాగే ఉంది.